మోటు తీగలు

పొద్దున్నే కొట్టు తెరవగానే మేస్త్రి చేసే మొదటి పని బంక పొయ్యి మీద పెట్టడం. అది కాగేలోగా నిన్న అతికించిన వాద్యాలకి కట్టిన తాళ్లు విప్పుకుంటాడు. ఆ బంక కంపు భరించలేక పక్క కొట్టు మంగలి ఖాళీ చేసి పోయాడు. తర్వాత అందులో దిగినవాడు అత్తర్లు అమ్ముకునేవాడు, పాపం. వాడి గొడవ ఇప్పుడెందుకు లెండి.

ఆ ఉదయం బట్టలు కుట్టే దర్జీ అక్క వచ్చింది. ఒక చేతిలో గిటారు పెట్టె, రెండో చేతిలో తమ్ముడి చెయ్యి. తమ్ముడి మీసం నెరిసింది. ఎత్తు మాత్రం మేస్త్రి బల్ల అంచుకి కూడా రావడం లేదు.

"ఏం నిచ్చెనా, ఇంత తగ్గిపోయావేంటయ్యా?"

"గిన్నె కుంగుతోంది మేస్త్రీ. దాంతో పాటు నేనూ."

ఒకప్పుడు ప్రతి గుమ్మానికీ తల కొట్టుకునేవాడని అతనికా పేరు. మనిషి తగ్గాడు గానీ పేరు తగ్గలేదు.

ఆ గిటారు వాళ్ల నాన్న వాయించింది. ఒళ్లంతా లోహం. కడుపులో కాగితమంత పల్చటి రేకు గిన్నె బోర్లించి ఉంటుంది. తీగల బరువంతా దాని నెత్తి మీదే. తీగ మీటితే పలికేది ఆ గిన్నే. పైన చిల్లుల మూత. సన్న తీగలకి అలవాటు పడ్డ వాద్యం. నిచ్చెన సాయంత్రాలు మిల్లు కాంటీన్లో వాయిస్తాడు. అక్కడ ఫ్యాన్ల హోరు. వెనక బల్లవాళ్లు "వినపడట్లేదు!" అని రోజూ అరిచేవారు. రోషం వచ్చి మోటు తీగలు బిగించాడు. వినపడింది. ఈలలు కూడా వేశారు. మర్నాటి నుంచే ప్యాంటు కాళ్ల కింద పడసాగింది.

"బట్ట సాగిందనుకుని మడిచి కుట్టాను. మళ్లీ మడిచాను. ఇప్పుడు మడవడానికి ప్యాంటే మిగల్లేదు" అంది అక్క. "సన్నవి వేసుకోరా అంటే వింటేగా!"

"ఈలలు విన్నాక ఎలా మారుస్తానక్కా?"

"గిన్నె మొత్తం కుంగిపోతే ఏమవుతుంది మేస్త్రీ?"

మేస్త్రి తీగలు విప్పాడు. అవి లేనంతసేపూ నిచ్చెనకి గొంతు పలకలేదు. గిన్నె కింద కర్ర అచ్చు పెట్టి, చెమ్చా వీపుతో మెల్లగా రుద్ది రుద్ది సొట్ట లేపాడు. నిచ్చెన బల్ల అంచు దాటి పెరిగాడు. అక్క సంబరంగా అక్కడే చతికిలబడి ప్యాంటు మడతలు విప్పడం మొదలుపెట్టింది. ఈసారి సన్న తీగలే బిగించారు. టక్కుమని రేకు దిగిపోయింది. నిచ్చెన వచ్చినప్పటికంటే జానెడు తగ్గాడు.

"అలిసిన రేకమ్మా. ఇంక నిలవదు."

"కొత్తది వెయ్యండి."

"గిటారుకైతే వెయ్యొచ్చు. పాతది తీసి పక్కన పెడితే మీవాణ్ణీ పక్కన పెట్టినట్టే."

చివరికి గిన్నె కింద కర్రముక్క ఆసరా పెట్టి చూశాడు. కుంగడం ఆగింది. కానీ తీగ మీటితే గోడని తట్టినట్టుంది. నిచ్చెన నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. కళ్ల నిండా నీళ్లు. మేస్త్రి గబగబా కర్ర లాగేశాడు. మాట తిరిగొచ్చింది, మనిషి ఇంకాస్త తరిగాడు.

ఇలా రోజూ రావడం, ఏదో ఒకటి చెయ్యడం, తగ్గడం. దర్జీ అక్క ప్యాంట్లు మానేసి జేబురుమాళ్లతో చొక్కాలు కుట్టసాగింది. ఒకనాడు బంక డబ్బా మూత మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని నిచ్చెన అడిగాడు:

"మేస్త్రీ, కర్ర పెడితే పలుకెందుకు చస్తుంది?"

"రేకు వణికినప్పుడు కర్ర వణకదు. దానికి తాళం తెలీదు."

"నాకు తెలుసుగా."

అక్కకి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. "నోర్ముయ్! నిన్ను అందులో పెట్టి మూత బిగించమంటావా?"

"బయటుంటే రేపటికి నీ సూదిక్కూడా దొరకనక్కా."

ఆమె ఏడ్చింది, తిట్టింది, వాళ్ల నాన్నని కూడా కలిపి తిట్టింది. ఆఖరికి తనే తమ్ముణ్ణి అరచేతిలో పెట్టుకుని గిటారు కడుపులోకి దించింది. అడుగున మెత్తటి గుడ్డ పరిచింది. నిచ్చెన గిన్నె కింద భుజం పెట్టాడు. మేస్త్రి మూత పెట్టి తీగలు బిగించాడు. టక్కు వినపడలేదు. మీటాడు. వాళ్ల నాన్న రోజుల్లో పలికినట్టే పలికింది.

అక్క చిల్లుల మీదికి వంగింది. "నొప్పిగా ఉందిట్రా?"

"మెల్లగా మీటితే లేదు."

అప్పటిదాకా తీగ ముట్టని మనిషి, తమ్ముడు లోపలినుంచి చెబుతుంటే నేర్చుకుంది. ఇప్పుడు సాయంత్రాలు కాంటీన్లో వాయించేది ఆవిడే. వెనక బల్లనుంచి "వినపడట్లేదు!" అని అరుస్తారు.

"వినపడకపోతే దగ్గరికి రండి" అంటుంది తల ఎత్తకుండా.

బల్లలు ఈడ్చుకుంటూ వస్తారు. ఒక పాట అయిపోగానే ఆమె మూత మీదికి వంగి, "ఇంకొకటి మోస్తావా?" అని అడుగుతుంది. కొన్నాళ్లుగా జవాబు ఆలస్యంగా వస్తోంది. అది వచ్చేదాకా ఆమె తీగ ముట్టదు. ఎవరో లేచి వెళ్లి ఫ్యాన్లు కట్టేస్తారు.