వెనక నుంచి చూసిన జడ

నేను ఒక విగ్గును. నడుం దాకా జారే నల్లటి జుట్టు, లోపల వలగుడ్డ టోపీ, చెవుల దగ్గర రెండు క్లిప్పులు. అంతే నేను. నాకంటూ ముఖం లేదు. అందుకే నాకు చాలా ముఖాలు తెలుసు.

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. గుర్తుపట్టి ఉండరు. ఎందుకంటే నన్ను చూసినప్పుడల్లా మీరు కళ్లు తుడుచుకుంటూనో, పొట్ట పట్టుకుని నవ్వుతూనో ఉన్నారు.

నేను పెరిగింది ఒక తల్లి తల మీద. కొడుక్కి జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. తగ్గింది. ఇచ్చేసింది. కత్తి కింద కూర్చున్నప్పుడు ఆమె ఏడవలేదు. "తొందరగా కానియ్యి బాబూ, మా బస్సు పోద్ది" అంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేరిన టీవీ సీరియల్లో కథానాయిక ఏడాదిలో పదకొండు మొక్కులు మొక్కింది. ఒక్క వెంట్రుక కూడా ఇవ్వలేదు. ఒక్కో మొక్కుకి మూడేసి ఎపిసోడ్లు ఏడ్చింది మాత్రం నిజం.

నన్ను తయారుచేసిన చోట ఆడవాళ్లు వరసగా కూర్చుని ఒక్కో వెంట్రుకనీ వలగుడ్డకి ముడివేసేవారు. అందరూ తమ జుట్టు ముడి చుట్టేసుకుని పైన గుడ్డ కట్టుకునేవారు. పని చేసేవాళ్లకి జుట్టు అడ్డం. సీరియల్లోకి వెళ్లాక చూశాను, అక్కడ ఎవరికీ జుట్టు అడ్డం రాదు. వంటింట్లో కూడా విరబోసుకునే ఉంటారు. ఎందుకు అడ్డం వస్తుంది, వాళ్లు గరిటె పట్టుకుంటారు గానీ తిప్పరు కదా.

సీరియల్లో నా ఉద్యోగం చాలా సులువు. నన్ను అల్లి పూలు పెడితే మంచి కోడలు. విప్పి భుజాల మీద వేస్తే చెడ్డ ఆడపడుచు. పొద్దున్న మంచిదాని తల మీద ఉండి కన్నీళ్లు చూసేదాన్ని, మధ్యాహ్నం చెడ్డదాని తల మీదకి ఎక్కి పాలల్లో విషం కలపడం చూసేదాన్ని. ఇద్దరికీ ఒకటే జుట్టు అని మీరెవరూ కనిపెట్టలేదు. పొద్దున్న జడ వేసుకుని పనికి వెళ్లి, సాయంత్రం తలంటుకుని విప్పి ఆరబెట్టుకునే మామూలు మనిషికి సీరియల్లోని ఆ మూడంతస్తుల ఇంట్లో ఒక్క గది కూడా లేదు. మంచి కోడలు కాసులపేరుతో పడుకుని కాసులపేరుతో లేచేది. పక్కమీద ఒక్క పువ్వు రాలేది కాదు. చెంపదెబ్బ తింటే మూడు వైపుల నుంచి మూడుసార్లు తినాలి. మూడుసార్లూ నేను ఊగాలి.

ఆ కోడలు రోడ్డు దాటాలంటే భర్త చెయ్యి పట్టుకోవాలి. ఆ వేషం వేసే ఆవిడ మాత్రం రోజూ లారీల మధ్యలోంచి స్కూటీ నడుపుకుంటూ షూటింగుకి వచ్చేది. అది ఎవరూ తీయలేదు.

రెండేళ్లకి నేను కొంచెం పాతబడ్డాను. అప్పుడు నన్నొక సినిమాలోకి పంపారు. ఈసారి ఒక హాస్యనటుడి తల మీదకి. స్క్రిప్టు కాగితం మీద పాత్రలన్నిటికీ పేర్లున్నాయి. కుక్కకి కూడా పేరుంది. ఆయన వేసే పాత్ర దగ్గర మాత్రం "అది" అని రాసి ఉంది.

డైరెక్టరు గారు సన్నివేశం చెప్పారు. "వెనక నుంచి జడ చూపించండి. ముగ్గురు కుర్రాళ్లు ఈల వేసుకుంటూ వెంటపడతారు. అది ముందుకు తిరుగుతుంది. చూస్తే గడ్డం! చప్పట్లు కొడుతుంది. కెవ్వుమని పారిపోతారు. జనం నవ్వకపోతే నన్నడగండి."

లైటు పట్టుకున్న పెద్దాయన ఊరికే అడిగాడు. "ఆ మనిషి ఏం పని చేస్తదండి?"

"చప్పట్లు కొడుతుంది."

"అది కాకుండా అండి?"

"అది కాకుండా ఎందుకయ్యా! లైటు పైకెత్తు."

సినిమా ఆడినప్పుడు హాల్లో జనం నవ్వారు. నేను విన్నాను. వెనక నుంచి చూసినంతసేపూ నేను అందం. ముందుకు తిరగ్గానే భయం. మధ్యలో మారింది నేను కాదు, మీరు.

ఆ సినిమా అయ్యాక నన్ను గోనెసంచిలో వేసి గోదావరి పక్కన ఒక పట్నంలో నాటకాల సామాను అద్దెకిచ్చే వీర్రాజుకి అమ్మేశారు. కిరీటాలు, గదలు, రంగుల డబ్బాలు, మధ్యలో నేను. అక్కడే నాకు మణిమాల దొరికింది.

మణిమాలకి ఇరవై ఆరేళ్లు. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు అబ్బాయన్నారు. పదిహేనో ఏట తను అబ్బాయిని కాదు, అమ్మాయినంది. అప్పటినుంచి వాళ్లు మాట్లాడటం మానేశారు. రెండు బ్యూటీపార్లర్లు, ఒక టైలరు షాపు ఆమెని గుమ్మంలోంచే పంపేశాయి. వీర్రాజు ఒక్కడే పని ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట అన్నాడు.

"నీ చెయ్యి మంచిదే మణీ. రంగులెయ్యి, జడలెయ్యి, ఏ ఊరైనా ట్రంకుపెట్టెతో వెళ్లు. కానీ తెర దాటి ముందుకి మాత్రం రాకు. జనం చూశారంటే నా పేరు పోద్ది. ఆరోజే నీకు ఆఖరు."

"అలాగేనండి" అంది మణిమాల. ఆ ఒక్క పనీ పోతే మళ్లీ గుమ్మాలు లెక్కపెట్టుకోవాలని ఆమెకి తెలుసు. మూడేళ్లుగా ఆ మాట దాటలేదు.

ఆమె నన్ను ఒక్కసారి కూడా తల మీద పెట్టుకోలేదు. తనకి నా కంటే ఒత్తయిన సొంత జుట్టుంది. కానీ నన్ను ఎవరి తలకైనా పెట్టేముందు ఒడిలో పెట్టుకుని దువ్వి, నేనెవరో నాకు చెప్పేది. "ఈ పూట నువ్వు రాణివి, మెడ నిటారుగా ఉంచు." "ఈ పూట నువ్వు పాలమ్మే మనిషివి, తొందరలో ఉన్నావు." అలా చెప్పకుండా ఏ రోజూ క్లిప్పు పెట్టలేదు. సినిమావాళ్లు ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

పోయిన ఫిబ్రవరిలో వెదుళ్లపాలెం హైస్కూలు వార్షికోత్సవానికి మేము వెళ్లాం. ఎనిమిదో తరగతి గదే మేకప్ గది. పక్కనే స్టేజి, మధ్యలో దుప్పట్లతో కట్టిన తెర.

ముందు తొమ్మిదో తరగతి ఝాన్సీ వచ్చింది. సిగ్గరి పిల్ల. 'అత్తా కోడలు' నాటికలో కోడలు.

"అక్కా, నేను మొత్తం ఏడుస్తానే ఉండాలంటండి. ఎందుకేడుస్తున్నానో నా డైలాగుల్లో లేదండి."

"టీవీలో కూడా ఉండదమ్మా" అంది మణిమాల. "నీకు ఏడుపొచ్చే సంగతి ఏదన్నా ఉందా?"

"ఇలాంటి వేషం ఇచ్చారని ఏడుపొస్తందండి."

"అదే తలుచుకో."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. అప్పుడే పీఈటీ మాస్టారు పదో తరగతి గోవర్ధన్‌ని రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. చేతిలో ఫోను. అందులో మా సినిమానే. నేనే.

"ఇదిగో, కామెడీ ఐటెం. వీడు ఇలా రావాలి. ఒరే, ఇదే విగ్గులా ఉందే! భలే. పెదాలకి దట్టంగా రంగు, కింద నల్లగా గడ్డం. వెనక్కి తిరిగి నిలబడతాడు, ముగ్గురు కుర్రాళ్లు వెంటపడతారు, వీడు తిరిగి చప్పట్లు కొడతాడు. అచ్చం ఇందులో మనిషిలాగే ఉండాలి, ఏం?"

మణిమాల ఆయనకి ఎదురుగానే నిలబడి ఉంది. ఆయన మాత్రం ఫోను చూస్తూనే మాట్లాడారు. అసలు మనిషి మూరెడు దూరంలో ఉండగా, ఫోనులో మనిషిలా ఉండాలని ఆయన పట్టుదల.

"అలాగేనండి మాస్టారూ" అంది మణిమాల.

ఆయన ముఖ్య అతిథికి ఎదురెళ్లారు. మణిమాల నన్ను ఒడిలో పెట్టుకుంది. దువ్వెన ఒకేచోట ఆగిపోయింది. గడ్డం దిద్దితే వందల మంది తనని చూసి నవ్వడానికి తన చేతులే పని చేసినట్టు. దిద్దకపోతే వీర్రాజు దగ్గరికి ఫోను వెళ్తుంది. నేనెవరో చెబుతుందని ఎదురుచూశాను. చివరికి నా మీదకి వంగి నెమ్మదిగా అంది.

"ఈ పూట నువ్వు నేను."

గోవర్ధన్‌ని కుర్చీలో కూర్చోబెట్టింది. సన్నగా కాటుక, చిన్న బొట్టు, పెదాలకి రంగు ఉందా లేదా అన్నంత. నన్ను పెట్టి, మూడుపాయలు బిగుతుగా అల్లి, ఒక మూర కనకాంబరాలు చుట్టింది. ట్రంకుపెట్టెలో మెరుపుల చీరలున్నా తన సంచిలోంచి సొంత నేతచీర తీసి కట్టింది.

"అక్కా, గడ్డం?"

"అద్దంలో చూసుకో నాన్నా."

వాడు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "మా మేనత్తలా ఉన్నానక్కా" అన్నాడు. "మరి చప్పట్లు కొట్టాలా?" అని అడిగాడు.

"మీ మేనత్త కొడుతుందా?"

తెర లేచింది. గోవర్ధన్ జనానికి వీపు చూపించి నిలబడ్డాడు. అంటే నేను నిలబడ్డాను. ముగ్గురు కుర్రాళ్లు ఈలలు వేసుకుంటూ వచ్చారు. "ఏంటి పాపా, ఏ ఊరూ?" జనంలో మగపిల్లలు గొల్లుమన్నారు. ఆడపిల్లల వరసల్లో తలలు దిగిపోయాయి. ఆ ఈల వాళ్లకి కొత్త కాదు. రోజూ బస్టాపు దగ్గర వినేదే.

నా జడ పట్టుకోబోయాడొకడు. గోవర్ధన్ తిరిగాడు.

కెవ్వుమనాల్సిన ముగ్గురూ నోళ్లు తెరిచి అలాగే ఉండిపోయారు. గడ్డం లేదు. భయపడటానికి ఏమీ లేదు. ఎదురుగా చక్కగా, కొంచెం కోపంగా ఒక అమ్మాయి. ఒకడు మాత్రం మాట తప్పకూడదని "అమ్మో" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మొదటి వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. పేరు నూకాలమ్మ. గోవర్ధన్‌కి సొంత నాన్నమ్మ. మనవణ్ణి ఆమె గుర్తుపట్టలేదు.

"ఒరేయ్! ముగ్గురు దున్నపోతులు కలిసి ఒక్క ఆడపిల్ల ఎనకాల పడతారేంట్రా? ఇది బడా, బస్టాండా?"

"నాటకం మామ్మా, కూకో!" అన్నారెవరో.

"నాటకమైతే? నాటకంలో ఏడిపిత్తే ఏడిపిచ్చినట్టు కాదా?" అంటూ చెప్పు చేతికి తీసుకుంది.

"బాగా అడిగేవు పెద్దమ్మా!" అని వెనక నుంచి ఆడవాళ్లు కేకలేశారు. నూకాలమ్మ మెట్లెక్కింది. ముగ్గురూ పారిపోయారు. ఈసారి నిజం పరుగు. అప్పుడు నవ్వారు జనం. ఆడపిల్లల వరసల్లోంచి అంత నవ్వు నేను ఏ సినిమాహాల్లోనూ వినలేదు.

నూకాలమ్మ గోవర్ధన్ గడ్డం పట్టుకుంది. "భయపడకమ్మా. ఎవరి పిల్లవి నువ్వు?"

"నీ మనవణ్ణే నాన్నమ్మా. గోవర్ధన్ని."

ఆవిడ కళ్లు చికిలించింది. "ఓరి నీ దుంపతెగ! నీకింత అందం ఎక్కడిదిరా? ఎవరు చేశారు నిన్నిలాగ?"

వాడు దుప్పట్ల తెర వైపు చూపించాడు. నూకాలమ్మ దుప్పటి పక్కకి లాగి, మణిమాల చెయ్యి పట్టుకుంది. "ఇలా రామ్మా, ముందుకి రా."

మణిమాల అడుగు వెయ్యలేదు. దుప్పటి అంచు పాదాలకి తగులుతోంది. నూకాలమ్మ వదల్లేదు, లాగింది. మణిమాల తెర దాటింది. మైకు ముందు నిలబడింది.

ముందు కుర్చీల్లో గుసగుస మొదలైంది. ఎవడో సినిమాలోలాగా చప్పట్లు కొట్టాడు. ముఖ్య అతిథి తన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు, స్టేజి మీంచి ఏదో చిందుతుందన్నట్టు.

"ఎవరమ్మాయివే నువ్వు?" అని అడిగింది నూకాలమ్మ.

మణిమాల గొంతు మైకులో వినబడింది. "నా పేరు మణిమాలండి. నేను ట్రాన్స్‌జెండర్నండి. మీరు సినిమాల్లో చూసి నవ్వేది నన్నేనండి. ఆ గడ్డం, ఆ పరుగు నాయి కావండి. ఇదిగో, నేను ఇలా ఉంటాను."

"సినిమాల సంగతి నాకు తెల్దు" అంది నూకాలమ్మ. "వచ్చే నెల మా మనవరాలికి ఓణీల పండగ. పూలజడ ఏత్తావా, ఎయ్యవా?"

"వేస్తానండి."

"బిగుతుగా ఎయ్యాల. ఊడిందంటే ఊరుకోను."

తెర వెనక పీఈటీ మాస్టారు మండిపడ్డారు. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"మనిషిలాగే ఉండాలన్నారు కదండీ" అంది మణిమాల.

మర్నాడు వీర్రాజు తన మాట నిలబెట్టుకున్నాడు. "తెర దాటావు" అన్నాడు. నన్ను కూడా తెచ్చి ఆమె ముందు పడేశాడు. "దీని జుట్టు కూడా రాలిపోతంది. పట్టుకుపో." నాకు ఇన్నేళ్లలో వచ్చిన పదవీ విరమణ సన్మానం ఇదే.

ఇప్పుడు మణిమాల వెదుళ్లపాలెంలోనే ఒక గది తీసుకుంది. పూలజడలు వేస్తుంది. అందరూ పిలుస్తున్నారని అబద్ధం చెప్పను. కొందరు పిలుస్తారు, కొందరు పిలిచి వరండాలోనే కూర్చోమంటారు. ఆమె మాత్రం వరండాలో జడ వెయ్యదు. "వెలుతురు చాలదండి" అని లోపలికి వెళ్తుంది.

నేను గోడకి ఒక చెక్కతల మీద ఉంటాను. నా నడినెత్తి పల్చబడింది. ఆదివారాలు ఝాన్సీ వచ్చి నా మీద జడ నేర్చుకుంటుంది. ఎదురింట్లో టీవీ మోగుతూ ఉంటుంది. కాసులపేరుతో పడుకున్న కోడలు ఇంకా లేవలేదనుకుంటాను.

బయట వెయ్యబోయే జడ ముందు నా మీద వేసి చూసుకోవడానికి, మణిమాల ఈ పొద్దున్న కూడా దువ్వెన తీసుకుని నా ముందు కూర్చుంది.

"ఈ పూట నువ్వు బస్సు కండక్టరు సుగుణ కూతురివి. ఇంటర్ పరీక్షలు రాస్తున్నావు. జుట్టు పల్చన, కోపం ఎక్కువ. సరేనా?"

సరే అన్నాను. అలాంటి వేషం నాకు ఇదే మొదటిసారి.