ఉప్పు ఎవరు చూస్తారు?

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటామెకి మెడలో లింఫోమా అనే కాన్సర్ గడ్డ లేచినప్పుడు అందరూ అయ్యో పాపం అన్నారు. సూపర్‌వైజరైతే ఆసుపత్రికి పళ్లు కూడా పట్టుకొచ్చాడు. కాన్సర్ మీద జాలిపడితే ఎవరి సొమ్మేం పోయింది!

ఆమె నోరు మెదపని సంగతి ఇంకొకటుంది. ఎప్పుడో సోకిన హెపటైటిస్ బి వైరస్ లివర్లో నక్కి ఉంది. గడ్డను కరిగించే మందు ఒంట్లో కాపలాను పడగొడుతుందనీ, అదను చూసి వైరస్ లేస్తుందనీ, అందుకే రోజూ ఒక మాత్ర వేసుకోవాలనీ, గడ్డ పోయినా తను చెప్పేదాకా మానకూడదనీ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అదీ ఖాళీ కడుపునే. తిన్నాక రెండు గంటలు ఆగి మింగాలి, మింగాక ఇంకో రెండు గంటలు ఏమీ తినకూడదు.

గడ్డ కరిగింది. ఆమె మళ్లీ గరిటె పట్టింది. వంటామెకి ఖాళీ కడుపు ఎక్కడిది? తెల్లారింది మొదలు ప్రతి గుండిగా రుచి చూడాల్సిందే. రాత్రి వేసుకుందామంటే తిన్న వెంటనే కునుకు. రుచి చూడనంటే ఎందుకంటారు, చెబితే వంటగదిలోకి రానివ్వరు. అలా కొన్నాళ్లు మాత్ర ఎగ్గొట్టింది. రక్తపరీక్షలో వైరస్ లేచి కూర్చుంది.

"గడ్డని గెలిచి లివర్ పోగొట్టుకుంటావా? ఇంకా చెయ్యి దాటలేదు, ఇవాళే మొదలుపెట్టు" అని డాక్టరమ్మ కడిగిపారేసింది. ఆమెకి చచ్చేంత భయమేసింది. ఆ వెనకే ఒళ్లు మండింది. ప్రాణం మీదికి తెచ్చుకుని ఎవరి కోసం దాస్తున్నట్టు?

మర్నాడు పొయ్యి ముందు, అందరూ చూస్తుండగా మాత్ర మింగింది.

"కూర రుచి చూడవేం?" అన్నాడు సూపర్‌వైజరు.

"రెండు గంటలు చూడను. నాకు హెపటైటిస్ బి ఉంది."

అతను గోడదాకా వెనక్కి పోయాడు. "అమ్మో! ఆ చేత్తోనా వండావ్? తప్పుకో, తప్పుకో!"

"తప్పుకోను. అది తిండితో రాదు, రక్తంతో వస్తుంది. చెయ్యి తెగిననాడు నేనే పక్కకి పోతా. కాన్సరొస్తే పళ్లు తెచ్చారు, దీనికి పారిపోతారేం? నమ్మకపోతే డాక్టర్నడగండి. ముందు ఉప్పు ఎవరు చూస్తారో చెప్పండి, కూర అడుగంటుతోంది!"

మిగతావాళ్లూ గోడవైపు జరిగారు. వంటామె ఆడపడుచు అక్కడే కూరగాయలు తరుగుతోంది, కత్తి కిందపెట్టి లేచింది. అరచేతిలో ఇంత కూర వేసుకుని, కళ్లు మూసుకుని నాకింది.

"ఉప్పు చాల్లేదొదినా."

వంటామెకి ఏడుపు తన్నుకొచ్చింది. "చాలకపోతే వెయ్యవేం, నా మొహం చూస్తావ్!" అని కసిరింది.