మనిషిని చూసి పెరిగే మెట్లు

అండాలమ్మ ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని డాబా మీదికి బయలుదేరితే, పైకి చేరేసరికి సగం బట్టలు బకెట్లోనే ఆరిపోయేవి. దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధిలో ఆ ఇంటి మెట్లు మనిషిని చూసి పెరిగేవి. గుంటూరు నుంచి వచ్చి ఆ ఇల్లు కట్టుకుని పై వాటాలో ఉండే ఓనరమ్మ అమ్మాజీకి నాలుగంగలు చాలు. కింది వాటాలో కిరాయికున్న అండాలమ్మకు ఎక్కేకొద్దీ మెట్లే. గ్యాస్ సిలిండర్ మోసే మనిషి మధ్యలో కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఎవరూ వింతపడలేదు.

అండాలమ్మకు అమ్మాజీ గాజుల మీద కుళ్లు లేదు. పైకెక్కినా ఆమెకు చెమట పట్టకపోవడం చూస్తేనే కడుపు మండేది.

తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయి, అండాలమ్మ భర్త, బస్సు డ్రైవర్ మట్టయ్య ఇంట్లో కూర్చున్నాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే అండాలమ్మ గరిటె పట్టింది. పెద్ద పెద్ద ఆఫీసర్లు పళ్లెం చాపి "అండాలక్కా, ఇంకింత పప్పెయ్యి" అన్నారు. ఆ సాయంత్రం ఆమెకు డాబా చిటికెలో వచ్చేసింది.

అమ్మాజీ అది చూసింది. వీధి వీధంతా కింది వాటా మనిషిని అక్కా అంటోంది. ఇన్నేళ్లున్నా తననెవరూ అలా పిలవలేదు. ఒళ్లు మండి, మర్నాడు ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికి దిగింది. ఎంత దిగినా మెట్లు అయిపోలేదు. చివరికి మధ్యలో కూలబడింది.

"అండాలమ్మా, కాసిని మంచినీళ్లు."

అండాలమ్మ కాసేపు వినబడనట్టే ఉంది. ఆ ఆయాసం చెవికి హాయిగా ఉంది. తర్వాత చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చింది.

"నిన్న ఏం వండావు?" అంది అమ్మాజీ, తాగి.

"పప్పు, చింతకాయ తొక్కు."

"మమ్మల్నెవరూ పిలవలేదు."

"మీ మీద కొట్లాటకే గదమ్మా వండింది. ఎట్ల పిలుస్తం?"

అమ్మాజీ ముఖం చిన్నబోయింది. చెంబు పక్కన పెట్టి, "తొక్కు మిగిలిందా?" అంది.

అండాలమ్మ కిందికి పోయి పళ్లెంలో అన్నం, తొక్కు పెట్టుకుని మళ్లీ ఎక్కబోయింది. ఎక్కుతుంటే మెట్లు పెరగసాగాయి. ఓనరమ్మకు పళ్లెం మోసే మనిషినైపోయినా అని ఆమెకు రోషమొచ్చింది. ఉన్నచోటే కూర్చుంది.

"నేను రాను. తినాలనుంటే నువ్వే దిగిరా."

ఆ 'నువ్వు' అమ్మాజీకి ముల్లులా గుచ్చుకుంది. విసురుగా లేచి పైకి చూసింది, అంతులేని మెట్లు. కిందికి చూసింది. అండాలమ్మ ఒక్క మెట్టు కిందే ఉంది.

దిగి, అదే మెట్టు మీద కూర్చుని, అదే పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఇల్లు ఖాళీ చెయ్యమనే మాట గొంతుదాకా వచ్చింది కానీ, తొక్కన్నం ముద్దతో పాటే లోపలికి దిగిపోయింది.