సి తోటి మొదలయ్యేది

“క్యాచే కాదు. క్యాష్. ఏదీ, ఇంకోసారి అను,” అన్నాడు గోవర్ధన్, జొన్నరొట్టె ముక్కను పప్పులో అద్దుతూ.

కస్తూరి పెనం మీది రొట్టెను తిరగేసింది. ఆమె పొయ్యి వెలిగించకముందు నుంచీ నడుస్తోంది ఈ పంచాయితీ.

“అనరాదే, నోరు అరుగుతదా?” అంది అత్తమ్మ, గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

“క్యాష్ అంటే మన గల్లపెట్టెల ఉండేది గదరా,” అన్నాడు మామయ్య పేపరు దించకుండానే. “దానికి పొద్దుగాల్నే గింత లొల్లి ఏంది?”

“అది వేరే, బాపు. పలుకుడు ఒక్కటే గని గిది వేరే. కంప్యూటర్ మళ్లమళ్ల ఎతుక్కునుడు ఎందుకని కొంత సామాను పక్కకు దాసిపెట్టుకుంటది. దాన్నంటరు క్యాష్ అని, సి ఏ సి హెచ్ ఇ అని రాస్తరు. ఈమె నిన్న పోరగాండ్ల ముంగట క్యాచే అన్నది. రేపు వాళ్లు ఇంటర్వ్యూల గట్లనే అంటే మన సెంటర్ పేరు ఏం గావాలె?”

“ఈమె తల్లిగారి దిక్కు, గార్లోళ్ల నోరు గట్లనే ఉంటది తియ్,” అంది అత్తమ్మ. “అటు ఆంధ్ర గాదు, ఇటు తెలంగాణ గాదు.”

ఐదో తరగతి చదివే సుమ “క్యాచే! క్యాచే!” అని చప్పట్లు కొట్టింది. తండ్రి నవ్వితే తనూ నవ్వాలని తెలిసిన వయసు. కస్తూరి రొట్టెను పళ్లెంలో వేసి, కాలినట్టు వేలు నోట్లో పెట్టుకుంది. నోరు మూసుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి కదా.

గోవర్ధన్ ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. గట్టిగా తిట్టడు కూడా. ఆ సంగతి అత్తమ్మ పదిమందికీ గొప్పగా చెప్పుకుంటుంది. అతను చేసేదల్లా ఒక్కటే. కస్తూరి నోటి నుంచి ఒక మాట పడగానే ఆగుతాడు, తుమ్ము వచ్చేముందు మనిషి ఆగినట్టు. తర్వాత పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, ఆ మాటను ఆమె ఎట్లా అన్నదో అచ్చం అట్లాగే అంటాడు. అంతే. వాళ్లు నవ్వే నవ్వు కన్నా ముందు వచ్చే ఆ ఆగడమంటేనే ఆమెకు భయం. పైగా అతను చెప్పేది చాలాసార్లు తప్పేమీ కాదు. ఆమె మహబూబాబాద్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివేటప్పుడు ఈ మాటలన్నిటినీ పుస్తకాల్లో కళ్లతో నేర్చుకుంది. ఎవరి నోటా వినలేదు. అక్షరాలు ఎట్లా ఉంటే అట్లా పలుక్కుంది. కొన్ని మాటలకైతే ఏది ఒప్పో కూడా తేలేది కాదు. ఆమె లినక్స్ అంటే అతను లైనక్స్ అన్నాడు. ఆమె రౌటర్ అంటే రూటర్ అన్నాడు. ఆమె కష్టపడి రూటర్ అని అలవాటు చేసుకున్నాక, ఇప్పుడందరూ రౌటర్ అంటున్నారని చెప్పి మళ్లీ నవ్వాడు.

అతనికి ఈ జబ్బు ఎక్కడ అంటిందో కూడా ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒక సాయంత్రం డాబా మీద అతనే చెప్పాడు. హైదరాబాద్‌లో కోర్సు చేసేటప్పుడు అతను డేటాను డాటా అంటే, కోస్తా నుంచి వచ్చిన సారు అతన్ని లేపి నిలబెట్టి మళ్లీ మళ్లీ అనిపించాడట. క్లాసంతా నవ్విందట. కస్తూరి ఆ రోజు అతని చెయ్యి పట్టుకుంది. ఆ మనిషే ఈ మనిషి అని తలుచుకుంటే ఆమెకు కోపం కన్నా ముందు దిగులు వచ్చేది.

జనగామ బజారులో మామయ్య కిరాణా దుకాణం మీది గదులే వాళ్ల కంప్యూటర్ సెంటర్. ముందు గదిలో గోవర్ధన్ పాఠం చెప్తాడు. చెక్క గోడకు ఇవతల కస్తూరి. పిల్లలకిచ్చే పాఠాలు రాసేది, మిషన్లు మొరాయిస్తే విప్పేది, ప్రింట్లు తీసేది, ఊడ్చేది, టీ పెట్టేది ఆమె. అతను సార్, ఆమె అక్క. అతను లేనప్పుడు పిల్లలు ఆమెనే అడిగేవాళ్లు. అడిగినప్పుడల్లా ఆమె ఒక ఉపాయం చేసేది. ఏ వస్తువునూ పేరు పెట్టి పిలిచేది కాదు. “గది నొక్కు. గప్పుడు ఒకటి వస్తది. దాన్ని అటు జరుపు.” పేరు లేకపోతే తప్పు లేదు. తప్పు లేకపోతే ఆ ఆగడమూ ఉండదు. కొన్నాళ్లకు ఇంట్లో కూడా అదే అలవాటైంది. ఫ్రిజ్ చల్లటి డబ్బా అయింది. మిక్సీ రుబ్బేది అయింది. ఎవరూ గమనించలేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు లేవు, బస్సులు లేవు, కరెంటు ఎప్పుడొచ్చేదీ తెలియదు. గోవర్ధన్ షట్టర్ సగం దించి సెంటర్ నడుపుతూ, తను చౌరస్తాలోని దీక్షా శిబిరానికి పోయేవాడు. జఫర్‌గఢ్ నుంచి శ్రీవాణి అనే అమ్మాయిని వాళ్ల నాయిన రోజూ బండి మీద తెచ్చి దింపి, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు. వాళ్లింట్లో ఆ పిల్లను చదివించడం ఎవరికీ ఇష్టం లేదు. ఒక్క నాయినే మొండికేసి పంపుతున్నాడు. చివరి సంవత్సరం ప్రాజెక్టు ఒక్కటి పూర్తి చేస్తే చదువు గట్టెక్కుతుంది. చూపులో బెదురున్నా పని గట్టిగా చేసే పిల్ల.

ఆ పొద్దున రొట్టెల దగ్గరి పంచాయితీ అయ్యాక గోవర్ధన్ భుజాన గులాబీ కండువా వేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి మైకులో అతని గొంతు బజారంతా వినపడింది.

“మన మాటను యాస అన్నరు! సినిమాల్ల రౌడీలకు పెట్టిండ్రు, పనోళ్లకు పెట్టిండ్రు! నోరు తెరువాలంటే భయపడే తీరుగ జేసిండ్రు మనల్ని! నవ్వి నవ్వి మన నోర్లు కుట్టేసిండ్రు!”

చప్పట్లు, డప్పులు మోగాయి. చెక్క గోడ వెనుక ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతున్న కస్తూరికి ఒళ్లు జలదరించింది. ఎంత బాగా చెప్తున్నాడు! ప్రతి మాటా నిజం. మా ఆయన అనుకుంది. ఆ వెంటనే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పెదాల మీదికి పోయింది.

అప్పుడే కరెంటు పోయింది. బ్యాటరీ కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. అది ముసలిది, ఎక్కువసేపు ఆగదు.

“అక్కా!” ముందు గదిలోంచి శ్రీవాణి అరిచింది. “జాగ లేదంటుంది అక్కా, సేవ్ అయితలేదు! పొద్దటిసంది చేసిందంత పోతది!”

కస్తూరి చెక్క గోడ అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అవతల, నిన్న ఆమె క్యాచే అన్నప్పుడు నవ్విన ముగ్గురు అబ్బాయిలు కూర్చుని ఉన్నారు. ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. కంప్యూటర్ పక్కకు దాచిపెట్టుకున్న ఆ సామానంతా తీసేస్తే జాగ దొరుకుతుంది. ఒక్క మాట. క్యాచే అంటే నిన్నటి నవ్వు. క్యాష్ అంటే, అదిగో నేర్చుకున్నదని ఇంకో నవ్వు. గొంతులో రెండు మాటలూ ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. బ్యాటరీ అరుస్తోంది.

“గదే... సి తోటి మొదలైతది చూడు,” అంది. “గది తీసెయ్. జల్ది.”

“ఇదేనా అక్కా? మళ్ల రాకుండ తీసెయ్యాల్నా?”

రెండడుగులు వేసి చూడొచ్చు. కానీ ఆ అబ్బాయిల్లో ఒకడు తల తిప్పి ఆమె నోటి వైపే చూస్తున్నాడు, నవ్వడానికి సిద్ధంగా.

“ఆఁ, గదే. తీసెయ్,” అని వెనక్కి వచ్చేసింది.

కరెంటు వచ్చాక చూస్తే, కాలేజ్ అని పేరు పెట్టుకుని శ్రీవాణి దాచుకున్న పనంతా లేదు. అదీ సి తోటే మొదలవుతుంది. ఆ గాబరాలో పేరు పూర్తిగా చదవకుండానే, అక్క చెప్పింది కదా అని నొక్కేసింది. కస్తూరి వెతికింది, తనకు తెలిసిన దారులన్నీ చూసింది. వేసవి నాటి పాత కాపీ ఒకటి దొరికింది, సగం కూడా లేదు. శ్రీవాణి ఏడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది చూడలేక కస్తూరి నీళ్లు తెచ్చే నెపంతో లోపలికి పోయింది.

సాయంత్రం గోవర్ధన్, శ్రీవాణి నాయిన దాదాపు ఒకేసారి మెట్లెక్కి వచ్చారు. సంగతి విని గోవర్ధన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత, “ఏం జేస్తం పెద్దాయినా,” అన్నాడు. “పిల్ల ఆగమాగం జేసి అన్ని తీసేసుకున్నది. మేం శాన సార్లు చెప్పినం, చూసి నొక్కమని.”

ఆ నాయిన కూతురి వైపు చూసి, తువాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇంటోళ్లు ముందే జెప్పిండ్రు సారూ, నేనే ఇనలే,” అన్నాడు. “పా బిడ్డా. ఇగ రాకు. శాతగానిదానికి పరేషాన్ ఎందుకు? ఇంటికాడనే ఉండు.”

శ్రీవాణి కస్తూరి వైపు ఒక్కసారి చూసింది. నిలదీయలేదు. అక్క ఇప్పుడు చెప్తుంది కదా అని చూసింది. కస్తూరి నోరు తెరుచుకోలేదు. బండి మలుపు తిరిగిందాకా తెరుచుకోలేదు.

“నిన్ను బచాయించిన,” అన్నాడు గోవర్ధన్ షట్టర్ దించుతూ. “పోరగాండ్లు అంత చెప్పిండ్రు నాకు. నువ్వు తీయమన్నవని తెలుస్తే మన సెంటర్‌కు ఎవడన్న వస్తడా?”

ఇంటికి వచ్చి కస్తూరి బియ్యం కడిగింది. పొయ్యి మీద పెట్టింది. పక్క అర్రలో సుమ ఇంగ్లీషు పాఠం పైకి చదువుతోంది. వింటూ వింటూ కస్తూరి గరిటె ఆపింది. పాఠం కుంటుతోంది. మధ్యలో ఒక మాట దగ్గర గొంతు ఆగి, దాన్ని దాటేసి తర్వాతి మాట దగ్గర మొదలవుతోంది. మళ్లీ ఇంకో చోట అట్లాగే.

వెళ్లి పక్కన కూర్చుంది. “గీ మాట సదువలేదేంది బిడ్డా?”

సుమ గుమ్మం వైపు చూసింది. బయట అరుగు మీద తండ్రి గొంతు వినపడుతోంది. గొంతు తగ్గించి, “అది ఎట్లనాల్నో నాకు ఎరుకలేదమ్మా,” అంది. “రాంగ్ అంటే బాపు అందరికి చెప్పి నవ్వుతడు. అనకుంటే ఏం గాదు.”

అనకపోతే ఏమీ కాదు. పదేళ్ల పిల్ల ఎంత నిబ్బరంగా చెప్పింది ఆ మాట! పొద్దున చప్పట్లు కొట్టింది కూడా నవ్వొచ్చి కాదేమో. ఆ నవ్వు తన మీదికి తిరగకుండా ఉండటానికేమో. ఏ మాట దాటెయ్యాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎవరి వైపు చూసి నోరు తెరవాలో ఈ పిల్లకు ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తల్లిని చూసి నేర్చుకుంది. జొన్నరొట్టె కొట్టడం చూసి నేర్చుకున్నట్టు, జడ అల్లడం చూసి నేర్చుకున్నట్టు. ఇన్నేళ్లూ కస్తూరి అతని నవ్వొక్కటే తన భయమనుకుంది. అంతకన్నా భయపడాల్సింది ఇక్కడ, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

అందరూ కంచాల ముందు కూర్చున్నాక, వడ్డించి, గరిటె పక్కన పెట్టి కస్తూరి కూడా కూర్చుంది. ఆమె వాళ్లతో పాటు కూర్చోదు కాబట్టి మామయ్య తలెత్తాడు.

“రేపు పొద్దుగాల నేను జఫర్‌గఢ్ పోతున్న,” అంది.

“బస్సులు లెవ్వు గదనే,” అంది అత్తమ్మ.

“ఆటోలు పోతున్నయి అత్తమ్మా. శ్రీవాణి వాళ్ల నాయినకు చెప్పాలె, తీసెయ్యమన్నది నేనని, పిల్ల తప్పేం లేదని. ఆయనను బతిమాలి పిల్లను తోల్కొస్త. ముందు గదిల నా పక్కన కూసోబెట్టుకుని మొత్తం మళ్ల చేయిస్త. దేని పేరు దానికి చెప్పి చేయిస్త.”

గోవర్ధన్ ముద్ద ఆపాడు. ఆ ఆగడం కస్తూరి చూసింది. చూపు తిప్పుకోలేదు.

“నువ్వు?” అన్నాడు అతను, తల్లి వైపు తిరిగి నవ్వబోతూ. “ఆ ఊరోళ్ల ముంగట నువ్వు నోరు తెరుస్తవా? ఏం మాట్లాడుతవు?”

“నాకెట్లొస్తే అట్ల మాట్లాడుత,” అంది కస్తూరి. “భయమైతనే ఉన్నది. గందుకే సుమను తోల్కపోతున్న. నేను మాట్లాడంగ అది ఇనాలె.”