మూడో సెట్టు

"ఆట ఎంతసేపు పడుతుందండీ మాస్టారూ?" అని అబ్బాయిరాజు అడగడం ఇది మూడోసారి.

"రెండు సెట్లూ ఒకళ్లే గెలిస్తే ముప్పావుగంటండీ. చెరొకటీ గెలిస్తే మూడోది ఆడించాలి, గంట దాటుద్ది," అన్నారు పీఈటీ మాస్టారు.

కైకలూరు దగ్గర చెరువుగట్టున చేపల పట్టుబడికి ఐసు లారీ వచ్చి నిలబడింది. అబ్బాయిరాజు లేకుండా ఆ చెరువు దగ్గర తూకం ఎన్నడూ జరగలేదు. ఎనిమిదో తరగతి కూతురు ఇందుజ తొలిసారి ఏలూరులో వాలీబాల్ ఆడుతోందని వచ్చాడేగానీ కాలు నిలవడం లేదు. ఫోను మోగుతూనే ఉంది.

ఇందుజ జట్టు మొదటి సెట్టు ఓడిపోయింది. రెండోదీ చేజారేలా ఉంది. ఇంక రెండు పాయింట్లు పోతే బయల్దేరొచ్చు అనుకుంటుండగా ఇందుజ సర్వీసు నెట్టుకు కొట్టుకుంది. అబ్బాయిరాజు తెలియకుండానే చప్పట్లు కొట్టేశాడు. ఇందుజ తిరిగి చూసింది.

ఆ తర్వాత ఇందుజ జట్టు పిల్లలు ఒక్క బంతినీ కింద పడనివ్వలేదు. సెట్టు గెలిచారు.

ఇందుజ నీళ్లసీసా కోసం వచ్చి, "మీరు వెళ్లిపోండి నాన్నగారూ. మాది ఇప్పుడప్పుడే అవ్వదు," అంది, అతని ముఖం చూడకుండా.

అబ్బాయిరాజు భార్యకు ఫోను చేశాడు. "కుసుమా, తూకం దగ్గర నువ్వు నిలబడు."

"నేనా? మీరు ఎంతసేపట్లో వస్తారండీ?"

"తెలీదు. ఆట అయ్యాక," అని ఫోను కట్టేసి, ముందు వరుసలోకి వెళ్లి కూర్చున్నాడు.