రాము మొకం

ముత్తెన్న కుంచెను డబ్బాలో ముంచి, అంచుకు రెండుసార్లు రాసి, గోనె సంచి మీద నీలిరంగు అక్షరాన్ని ఒక్క ఊపులో దించాడు. గోనె మీద రాయడం గోడ మీద రాసినట్టు కాదు. రంగు ఎక్కువైతే పీచు వెంట పాకుతుంది, తక్కువైతే లారీ ఎక్కేలోపే మాసిపోతుంది. ఆర్మూర్ పసుపు యార్డులో తక్కినవాళ్లు రేకు అచ్చు పెట్టి మార్కా వేస్తారు. ముత్తెన్నకు అచ్చు అక్కర్లేదు. అతని చేతి మార్కాను మహారాష్ట్రలోని సాంగ్లీలో సరుకు దించుకునే హమాలీలు కూడా గుర్తుపడతారని యార్డులో ఒక మాట ఉంది. నిజమో కాదో ఎవరూ సాంగ్లీ పోయి అడగలేదు గానీ, ఆ మాట చెవినపడ్డప్పుడల్లా అతని మెడ అంగుళం పొడుగవుతుంది.

నలభై రెండేళ్లుంటాయి. ఎండిన జొన్నకట్టెలాంటి ఒళ్లు. మోచేతుల దాకా ఏ సబ్బుకూ లొంగని పసుపు, గోళ్ల కింద నీలం. ఎవరైనా పిలిస్తే వెంటనే పలకడు. చేతిలో ఉన్న గీత పూర్తిచేసి అప్పుడు తల ఎత్తుతాడు. పొగరనుకునేవాళ్లు ఉన్నారు, అనుకోనీ. ఆ అలవాటు అతనికి జైలులో అబ్బింది.

జైలు సంగతి యార్డులో అందరికీ తెలుసు. పదకొండేళ్ల కింద అతను కమ్మర్‌పల్లిలో పసుపు ఉడికించే పనికి పోయేవాడు. ఉడికిన కొమ్ములో పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. ఆ రోజు ఆసామి కొడుకు రాము గుచ్చితే దిగలేదు. "పదేండ్ల సంది ఉడకవెడ్తున్నవు, నీకు ఉడుకు తెల్వదా?" అని పదిమంది కూలీల ముందు అడిగాడు. తప్పు ముత్తెన్నదే. అది తనకు తెలుసు కాబట్టే కోపం నెత్తికెక్కింది. చేతిలో పార ఉంది. ఒక్కటే దెబ్బ. రాముకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు.

జైలులో మొదటి రెండేళ్లు, భుజం తగిలితే చాలు, ఎవరితోనైనా కలబడేవాడు. వారానికోసారి ప్రభుదాస్ సారు వచ్చేవాడు, రిటైరైన డ్రాయింగు మాస్టరు. ఆ గదిలో ఫ్యాను ఉందని పోయి కూర్చున్నాడు ముత్తెన్న. సారు చేతికి పెన్సిలిచ్చి నీళ్ల కుండను గీయమన్నాడు. ఆరు నెలలు ఆ కుండ తప్ప ఇంకోటి గీయనివ్వలేదు. "నీ మనసుల ఉన్న కుండ నాకొద్దు ముత్తెన్నా, గా బల్ల మీదిది గీయి" అనేవాడు. కోపంతో ఉన్న చేతికి కుండ కుదరదు, పక్కకు ఒరుగుతుంది. కుదిరిన రోజు ముత్తెన్న అందరి ముందూ ఏడ్చాడు. బొమ్మలు మనిషిని మారుస్తాయా అని అడిగితే అతను చెప్పలేడు. ముందు చెయ్యి మారింది, దాని వెంట తనూ పోయాడు.

బయటికి వచ్చి నాలుగేళ్లు. ఊరికి పోలేదు. ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో రేకుల గది, పగలు మార్కా పని, ఖాళీ ఉంటే చనిపోయినవాళ్ల బొమ్మలు. ఫోటో చిరిగిపోయినా చెదలు తిన్నా జనం ముత్తెన్న దగ్గరికే వస్తారు. అతను గీసిన అవ్వలు, తాతలు ఆర్మూర్‌లో చాలా గోడల మీద బొట్లు పెట్టించుకుని కూర్చున్నారు.

నాలుగు రోజుల కింద, యార్డులో తూకం వేసే దేవిదాస్ ఒక కబురు తెచ్చాడు. అతనిది కమ్మర్‌పల్లే. మొన్నటి వానలకు రాము తల్లి లసుమవ్వ ఇల్లు కురిసి, గోడకున్న రాము ఫోటో నాని తెల్లబారిపోయింది. ఉన్నది అదొక్కటే. పెద్దల అమావాస్య పెత్రమాసకు చనిపోయినవాళ్ల పేర బియ్యం ఇయ్యాలంటే ఎదురుగా కొడుకు మొకం ఉండాలని ముసలామె పట్టుబట్టింది. గీసే మనిషి ఎవడో తెలిసే అడిగింది. ముత్తెన్న మూడు రోజులు జ్ఞాపకం మీదే గీశాడు. పెత్రమాస రేపే. అది రాము కాకపోతే, రేపు ఆ తల్లి ఉత్త గోడకు మొక్కాలి. ఆ మొకాన్ని భూమ్మీద లేకుండా చేసినవాడు తను.

పదకొండు గంటలకు ఆమె వచ్చింది. వంగిన నడుము, వెండి కడియాలు, చంకలో గుడ్డసంచి. ముత్తెన్న గీత మధ్యలోనే లేచి నిలబడ్డాడు. బస్తా మీద తువ్వాల పరిచాడు. ఆమె కూర్చోలేదు.

"ఏదీ?"

కవరులోంచి కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆమె వెలుగులోకి తిరిగి చాలాసేపు చూసింది.

"కండ్లు వానియే. ముక్కు గూడ వానిదే." కాగితాన్ని కొంచెం దూరంగా పట్టుకుంది. "గని నా కొడుకు నా దిక్కు గిట్ల ఎన్నడు సూడలే."

ముత్తెన్న అప్పుడు చూశాడు తన బొమ్మను. పైకి లేచిన కనుబొమ్మలు, సగం తెరిచిన నోరు. పార ఎత్తినప్పటి మొకం. పదకొండేళ్లుగా కళ్లు మూస్తే కనబడేది అదే, చెయ్యి దాన్నే గీసింది. 

"నాకు గిదొక్కటే యాదికున్నది అవ్వా" అన్నాడు. "నువ్వు చెప్పు, నేను గీస్త."

ఆమె గేటు వైపు చూసింది. పోతుందనే అనుకున్నాడు. ఆమె తువ్వాల పక్కకు జరిపి, ఉత్త బస్తా మీద కూర్చుంది.

"నవ్వితె ముందు కండ్లు మూసుకునేటోడు. ఎడమ దిక్కు పన్ను మీద పన్ను. మామిడికాయ కోస్తె ఉప్పు నాకి పోతుండె, కాయ నాకు ఇడిసిపెట్టి." చెబుతూ ఆమె తనకు తెలియకుండానే నవ్వింది. కళ్లు ముందు మూసుకున్నాయి.

బల్ల మీది కుండ బల్ల మీదే ఉందని ముత్తెన్నకు తట్టింది. ఆ గడ్డం, ఆ బుగ్గ మీద సొట్ట, అన్నీ తల్లి మొకంలో ఎదురుగానే ఉన్నాయి. కొత్త కాగితం తీసి, ఆమెను చూస్తూ గీయడం మొదలుపెట్టాడు. ముడతలు వదిలేశాడు, నవ్వు వదల్లేదు. "గద్దువ గంత పొడుగు లేకుండె" అంటే గడ్డం చెరిపాడు. "చెవు జర దొప్ప" అంటే సరిదిద్దాడు. హమాలీలు బస్తాలు మోసుకుపోతూ పక్కనుంచి మెల్లగా నడిచారు. అతని చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. ఈ పని తనకు వచ్చు. ఇది వచ్చినవాడు ఈ యార్డులో తనొక్కడే.

మధ్యాహ్నం దాటాక కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు. లసుమవ్వ వేలితో ఆ పన్ను తాకి, వేలికి అంటిన పెన్సిలు మసి చూసుకుంది.

"వీడు" అంది. "వీడే."

కొంగుతో కళ్లు తుడుచుకుని, బొమ్మను సంచిలో నిలువుగా పెట్టుకుంది. "మాఫ్ జేసిన అనుకోకు" అంది.

"అనుకోను, అవ్వా."

మొదటి బొమ్మ ఇంకా బస్తా మీదే ఉంది. ముత్తెన్న దాన్ని చింపబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పదకొండేళ్లలో ఆ ఇంటి మనిషి చెయ్యి అతన్ని తాకడం అదే మొదటిసారి.

"చింపకు. గా మొకం నువ్వొక్కనివే సూసినవు. నీ తాన్నే ఉండనీ."

పక్కనున్న పసుపు కుప్ప దగ్గర ఒంగి ఏదో తీసుకుని, ఆ కాగితం దగ్గర ఒక క్షణం ఆగి, సంచి గుండెకు హత్తుకుని గేటు దాటింది. కమ్మర్‌పల్లి బస్సు వచ్చి, ఆమెను ఎక్కించుకుని పోయింది. ముత్తెన్న బస్సు కనబడినంతసేపూ నిలబడి, వెనక్కి తిరిగాడు.

బస్తా మీద రాము అలాగే చూస్తున్నాడు. గాలికి ఎగిరిపోకుండా కాగితం మీద ఆమె పెట్టిపోయిన పసుపు కొమ్ము ఉంది.