కృపమణి చెప్పని సాక్ష్యం

కృపమణి చర్చి నేల సగం కడిగి, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ ఉండగా మహిమను మోసుకొచ్చారు. కోసిగి దగ్గరి ఆ ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా శనివారం శనివారం చర్చి కడిగేది కృపమణే. బండల మీద పాకి పాకి ఆమె మోకాళ్ళు నల్లగా కాయలు కాచాయి.

మహిమ పక్కింటి పిల్ల, పదహారేళ్ళది. పత్తి చేలో పాము కరిచింది. తడి బండల మీదే పడుకోబెట్టారు. పాస్టరు సుందరం కాటు మీద ప్రార్థన నూనె రాసి, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. జనమంతా మోకరించారు.

కృపమణి మాత్రం లేచి నిలబడింది. నిరుడు ఇదే చోట ఆమె మొగుడు ఏసన్న కడుపునొప్పితో మూడు రోజులు మెలికలు తిరిగాడు. ఆసుపత్రికి తీసుకుపొమ్మని ఏడ్చాడు. అలా అడగడం అవిశ్వాసమన్నాడు సుందరం. అప్పుడు మొగుడి నోటిని అరచేత్తో మూసింది కృపమణే. నాలుగో రోజు పొద్దున ఏసన్న పోయాడు.

మహిమ కనురెప్పలు వాలిపోతున్నాయి.

"సూది యేయించకుండా ఏం చేస్తాండారు అయ్యగారూ?"

"ప్రార్థనకు అడ్డం రావద్దు. నీకు విశ్వాసం తగ్గిపోయినాది" అన్నాడు సుందరం, కళ్ళు తెరవకుండానే.

"తగ్గలేదు. నా మొగునితో పాటే పూడ్చిపెట్టినా."

ఆమె వంగి పిల్లను భుజానికెత్తుకుంది. మహిమ తల్లి ఆమె కొంగు పట్టి గుంజింది. "వద్దక్కా! ప్రభువుకు కోపమొస్తాది!"

"రానీ. నాకు ఆయన మీద ఏడాది నుంచి ఉండాది."

ఊళ్ళోని దేవేంద్రప్ప ఆటో వాళ్ళను ఎక్కించుకుని ఆదోని ఆసుపత్రి దారి పట్టింది. గుంతల్లో ఎగిరిపడిన ప్రతిసారీ కృపమణి నోరు దానంతటదే "యేసయ్యా" అంటోంది. అది తెలిసి నెత్తురొచ్చేలా పెదవి కొరుక్కుంది. అయినా మళ్ళీ అదే మాట వచ్చింది.

"ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదమ్మా" అన్నాడు డాక్టరు, చీటీ మీద సూదిమందు పేరూ వేసిన సమయమూ రాసిస్తూ. ఆ చీటీని ఆమె రొంటిన దోపుకుంది.

మర్నాడు పిల్ల గంజి తాగింది. వెనకే వచ్చిన తల్లిని దాని దగ్గర ఉంచి కృపమణి ఊరు చేరేసరికి ఆదివారం ఆరాధన జరుగుతోంది. కబురు ముందే అందినట్టుంది.

"నిన్న ఈ బండల మీదే దేవుడు విషాన్ని విరిచినాడు!" అంటున్నాడు సుందరం. గుమ్మంలో ఆమెను చూసి గొంతు మెత్తన చేశాడు. "అవిశ్వాసి చేతిని గూడా ప్రభువు వాడుకుంటాడు. రా కృపమణీ, సాక్ష్యం చెప్పు."

ఆమె జనం మధ్య నుంచి నడిచి వేదిక దాకా పోయింది. నోరు తెరిచింది. అరచేతి కింద ఏసన్న పెదవులు కదిలినట్టయింది. రొంటిలోంచి చీటీ తీసి సుందరం ముందున్న బైబిలు మీద పెట్టి, వెనక్కి తిరిగింది.

బెంగుళూరుకు కూలీలను తీసుకుపోయే లారీ వీధి చివర ఆగి ఉంది. ఇంట్లోంచి బట్టల మూట తెచ్చుకుని ఎక్కి కూర్చుంది. ఆమె ఎటు పోతోందని అడగడానికి ఎవరూ చర్చిలోంచి బయటికి రాలేదు.

తెరిచి ఉన్న బైబిలు మీద ఆసుపత్రి చీటీ, చెమటకు నలిగి, సుందరం తీసి పారెయ్యనూ లేక చదవనూ లేక చూస్తుండగా, గాలికి ఒక మూల లేచి పడుతోంది.